ఒక పట్టము, ఇద్దరు జేతలు



వాలి గుహలోనుండగా సుగ్రీవునకు పట్టము కట్టిన కథ మీరెరిగినదే. 1971లో అమెరికా ముష్టియుద్ధమున అట్టి చిక్కే కలిగెను. ఈ యుద్ధమున యోధులను బరువునుబట్టి తరగతులుగా విభజింతురు. అన్నిటికంటె బరువైన తరగతి జేతకే గౌరవమెక్కువ.

ఆ జేతయైన మహమ్మదాలీ 1967లో, వియత్నాము యుద్ధకాలమున, సైన్యమున చేరుటకు నిరాకరించెను. పట్టము పోయెను, పోటీచేయు అనుమతియు పోయెను. మూడేండ్లకు పైగా ఆయన గోదాలోనికి దిగలేదు. అంతలో జో ఫ్రేజియరు 1970 ఫిబ్రవరిలో జిమ్మీ ఎల్లిసును గెలిచి జేత యయ్యెను. ఇరువురును ఓటమి యెరుగనివారు.

అభిమానులు రెండు పక్షములైరి. "ఆలీని ఓడించినవాడెవ్వడు? కాగితముతో తీసిన పట్టము పోయినట్లా?" అని యొకరు. "ఎదుట నిలిచినవారిని గెలిచినవాడే జేత" అని వేరొకరు. తర్కమున నాకు మొదటిపక్షమే బలముగా తోచును. కాని ఫ్రేజియరు చేసిన తప్పేమి? ఆలీకి అనుమతి తిరిగి యిమ్మని పలికినవారిలో ఆయనయు ఒకడు. పోటీ దగ్గరపడగా ఆలీ ఆయననే హేళన చేసెను. ఇది నాకు నచ్చదు.

మార్చి 8న న్యూయార్కులో 15 విడతలు పోరిరి. కడపటి విడతలో ఫ్రేజియరు ఎడమచేతి గ్రుద్దునకు ఆలీ వెల్లకిల పడెను. వెంటనే లేచి, తుదివరకు నిలిచెను. నిర్ణేతలు ఏకగ్రీవముగా ఫ్రేజియరునకే జయమిచ్చిరి.

జూను 28న సుప్రీంకోర్టు ఆలీ శిక్షను కొట్టివేసెను. వాదము మాత్రము ఆగలేదు. యౌవనమున పోయిన ఆ మూడేండ్లు ఆలీకి దక్కియుండినచో ఆ రాత్రి ఏమయ్యెడిది? 1974లోను, 1975లోను వారు మరల తలపడిరి. రెండుమారులు ఆలీయే గెలిచెను.