చంటిబిడ్డకూ ఒక లాగ్ బుక్కు

(సంఘం వార్షికోత్సవ సభలో, గూడూరులో చేసిన ప్రసంగ పాఠం)

పెన్షను గురించి, డి.ఎ. బకాయిల గురించి వక్తలు చాలా చెప్పారు. నేను ఇంటి విషయం ఒకటి మనవి చేసుకుంటాను. రిటైరైన తర్వాత మనలో చాలామందికి దొరికే కొత్త ఉద్యోగం మనుమలను చూసుకోవడమే గదా!

నేను విద్యుత్ సబ్‌స్టేషనులో ఆపరేటరుగా పనిచేశాను. గంట గంటకూ మీటర్ల రీడింగు లాగ్ షీటులో వేయాలి. షిఫ్టు మారేటప్పుడు దిగేవాడు రాసి సంతకం పెట్టాలి, ఎక్కేవాడు చదివి సంతకం పెట్టాలి. ఏ ఫీడరు ఆపామో నోటిమాటగా చెప్పిపోతే చాలదు. ఒక్కటి మరిచిపోతే స్తంభం మీదున్న మనిషి ప్రాణం పోతుంది. ఇంత తెలిసిన నేను నా ఇంట్లో ఆ పద్ధతి మరిచాను.

ఏడేళ్ల కిందట మా అమ్మాయి తొలికాన్పుకు మా ఇంటికి వచ్చింది. మగబిడ్డ. ఇంట్లో మా ఇంటావిడ, మా అమ్మ, కోడలు, నేను. ఇంతమంది ఉండగా బిడ్డకు ఏం లోటనుకున్నాం. ఐదోనాడు బిడ్డ ఒకటే నిద్ర. ‘బుద్ధిమంతుడు, ఏడవనే ఏడవడు’ అని మురిసిపోయాం. సాయంత్రానికి ఒళ్లంతా పచ్చగా కనబడింది.

డాక్టరు దగ్గరికి పరుగెత్తాం. ఆయన అడిగిన మొదటి మాట, “నిన్నటి నుంచి ఎన్నిసార్లు పాలు తాగాడు? ఎన్నిసార్లు ఒంటేలు పోశాడు?” అని. మా ఇంటావిడ ఎనిమిదంది. అమ్మాయి ఐదంది. కోడలు తాను రెండు గుడ్డలే మార్చానంది. నాకైతే ఏమీ తెలియదు. విచారిస్తే తేలిందేమంటే, ఆ మధ్యాహ్నం అత్త లేపి పాలిప్పించి ఉంటుందని కోడలు, కోడలు చూసుకుందని అత్త, నిద్రపోయే బిడ్డను లేపరాదని మా అమ్మ. అలసిన బాలింత నిద్రపోయింది. ఐదు గంటలు బిడ్డకు చుక్క పాలు లేవు. పదిమందిలో పాము చావదన్న సామెత నాకు ఆనాడు అర్థమైంది.

పాలు తగ్గితే విరేచనం తగ్గుతుంది, కామెర్లు పెంచే పదార్థం బయటికి పోదు, బిడ్డ మరింత మగతగా పడి ఉంటాడు, పాలు ఇంకా తగ్గుతాయి అని డాక్టరు వివరించారు. రెండు రోజులు నీలి దీపం కింద పెట్టారు. దేవుడి దయవల్ల గండం గడిచింది.

ఇంటికి రాగానే ఒక నోటుబుక్కుకు గీతలు కొట్టి, పక్కింటి మగ్గం దారంతో పెన్సిలు కట్టి గోడకు తగిలించాను. టైము, పాలు, ఒంటేలు, విరేచనం, చుక్కల మందు, చూసినవారి పేరు. ఇరవై నాలుగు గంటల్లో 8 నుంచి 12 సార్లు పాలు, ఐదోనాటి నుంచి కనీసం 6 సార్లు ఒంటేలు ఉండాలన్నది డాక్టరు చెప్పిన లెక్క. చదువురాని మా అమ్మ పాలవాడి లెక్కలాగా గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టింది. ఆమె గీత ఒక్కటీ తప్పలేదు.

మొదట అమ్మాయి నొచ్చుకుంది. “నాన్నా, నేనేమన్నా ట్రాన్స్‌ఫార్మరునా?” అంది. “నిన్ను తనిఖీ చేయడానికి కాదమ్మా, నువ్వు నిశ్చింతగా రెండు గంటలు నిద్రపోవడానికి” అన్నాను. అప్పటినుంచి తానే రాసింది. నెలలు నిండి ఎమ్మిగనూరులోని అత్తగారింటికి పోయేటప్పుడు నోటుబుక్కు కూడా పోయింది. మా వియ్యపురాలు మొదటి పేజీ నుంచి చదివి, నవ్వుతూ ‘ఛార్జి’ తీసుకున్నారు.

ఇది నేను కనిపెట్టిన విద్య కాదు. మహారాష్ట్రలోని గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు పల్లె స్త్రీలకే శిక్షణ ఇచ్చి, ఇంటింటికీ పంపి పసికందులను చూపించారు. అక్కడ నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. 2011లో ప్రభుత్వం ఆ బాధ్యత ఆశా కార్యకర్తలకు అప్పగించింది. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆమె వచ్చి చూడాలి. ఆమె వచ్చినప్పుడు మీ పుస్తకం ఆమె చేతికివ్వండి.

ఒక్క హెచ్చరిక. బిడ్డ పాలు తాగకపోయినా, ఒళ్లు కాలినా, చల్లబడినా, డొక్కలెగరేసినా, అరచేతులు, అరికాళ్లు పచ్చబడినా లెక్కలు రాస్తూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి పోవాలి.

మనం జీవితమంతా రిజిస్టర్లు రాసినవాళ్లం. ఆ అలవాటు మన ఇంటి పసిబిడ్డకు పనికివస్తే అంతకన్నా ఏం కావాలి?