పులగం నేర్పిన పాఠం
(సంఘ సమావేశంలో ఒక సభ్యుని ప్రసంగ పాఠం)



నేను రిటైరయ్యాక గరిటె పట్టినవాణ్ణి. మా ఆవిడకు షుగరు, పైగా మోకాళ్ళ నొప్పులు. డాక్టరుగారు అన్నం తగ్గించమన్నారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువ నీటితో వరి విస్తరించిన డెల్టా మనది. తణుకులో పుట్టి అన్నం తగ్గించడమంటే మాటలా?

ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది కదా, ఆ ఏడే కొర్రలు కొన్నాను. నానబెట్టకుండా వండితే పలుకు మిగిలింది. ఆవిడ నాలుగు ముద్దలు తిని, ఏమీ అనకుండా చెయ్యి కడుక్కుంది. తిట్టినా బాగుండేది.

ఆ రాత్రే కొర్రలు నానబోశాను. మర్నాడు గ్లాసు కొర్రలకు అర గ్లాసు పొట్టు పెసరపప్పు, తగినన్ని నీళ్ళు, మిరియాలు, జీలకర్ర, కరివేపాకు వేసి మెత్తగా పులగం వండాను. పక్కన బీరకాయ కూర, పలుచటి మజ్జిగ.

"జ్వరమొస్తే మా అమ్మ ఇలాగే పెట్టేదండీ" అంటూ మారు అడిగింది. సంతోషం పట్టలేక రోజూ కొసరి కొసరి వడ్డించాను. తీరా పరీక్ష చేయిస్తే షుగరు తగ్గలేదు. కొర్రల్లోనూ పిండిపదార్థమే ఎక్కువ, కొలత ముఖ్యమన్నారు డాక్టరుగారు. ఇప్పుడు మా ఇంట్లో ఒక గరిటె పులగానికి రెండు గరిటెల కూర.

మాత్రలు వాడేవారు డాక్టరుగారిని అడిగే తిండి మార్చండి. మగవారికి మరో మనవి: ఇన్నేళ్ళు వండిపెట్టిన చేతులకు వారానికి రెండు పూటలైనా విశ్రాంతినివ్వండి.

సెలవు.