గిరిగ్రామమున రెండు దినములు



మన జంగారెడ్డిగూడెమునుండి బుట్టాయగూడెము దాటి పోయినచో పాపికొండల వరుస ఎదురగును. ఆ కొండలనుండి దిగివచ్చు చింతపండును, వెదురును, చీపుళ్లను మన సంతలో కొననివారు లేరు. వానిని పంపువారి గడప నెరిగినవారు మాత్రము మనలో బహుకొలదిమంది. గడచిన చైత్రమాసమున, అచట ఉపాధ్యాయుడుగా నున్న నా పూర్వవిద్యార్థి పిలువగా, కొండరెడ్ల పల్లె యొకదానికి పోయి రెండు దినములుంటిని.

ఇరువదికి మించని యిండ్లు. వెదురుతడికలకు మట్టి మెత్తిన గోడలు, గడ్డికప్పులు, నున్నగా నలికిన వాకిళ్లు. వారి మాట తెలుగే. ఊరిపెద్దను పెద్దకాపు అందురు. పోడుచేలలో జొన్న, సామ, కంది కలిపి విత్తుదురు. వాన తప్పి యొకటి పోయినను వేరొకటి కడుపు నింపును.

ఊరి నడుమ మామిడిచెట్టు కాయలతో వ్రాలియుండెను. పిల్లలు దాని నీడనే యాడుచుండిరి గాని ఒక్కడును రాయి విసరలేదు. కారణమడుగగా పెద్దకాపు, “మామిడికొత్త ఇంకా కాలేదండి పంతులుగారూ! భూదేవికి పెట్టకుండా మేము నోట పెట్టము” అనెను. క్రొత్తపంటను దేవతలకు సమర్పింపక భుజింపరాదని శ్రౌతసూత్రములు ఆగ్రయణేష్టిని విధించినవి. నేను గ్రంథమున చదివినదానిని ఆ బాలురు చెట్టుక్రింద పాటించుచుండిరి.

ఇట్టి మర్యాద గలవారితో మైదానపువారి వ్యవహార మెట్లుండెను? 1945లో హైమెన్‌డార్ఫ్ పండితుడు కొండరెడ్లను గూర్చి ప్రకటించిన గ్రంథమున, వారు కలపవర్తకుల యప్పులలో చిక్కిన తీరు వర్ణింపబడినది. వారి భూములు పరులపాలగుచుండగా 1959లో ఏజెన్సీ భూబదలాయింపు నిబంధన వచ్చెను. 1970 నాటి సవరణచే గిరిజనేతరులు అచట భూమి కొనుట నిషిద్ధమయ్యెను. ఆశకు హద్దు లేనిచోటనే చట్టము కంచె కట్టవలసివచ్చును.

ఇప్పుడు కొండయే మన యూరి దాపునకు వచ్చినది. పోలవరము ప్రాజెక్టు నిమిత్తము ఊళ్లు విడిచిన గిరిజనులకు మన మండలమునందలి తాడువాయిలో పునరావాసగృహములు కట్టబడినవి. ఇంటికి బదులు ఇల్లు కట్టవచ్చును; తాతలు నాటిన చెట్టును, పోడుచేనును, అడవిని బండిమీద వేసి తేలేము. వానితోడిదే వారి పండుగ, వారి కట్టుబాటు, పెద్దకాపు మాట. వారి బిడ్డలు నేడు మన పొరుగువారు.

కావున మూడు విన్నపములు. మన వర్తకులు వారి సరుకును సరియైన తూకముతో కొనవలెను. పరుల పేరు చాటున వారి భూమిని పట్టువాడు మన సంఘమున గౌరవమునకు తగడని చాటవలెను. మన విద్యార్థి వసతిగృహమున వారి బాలురకు రెండు స్థానములు, మన పిల్లలతో ఒకే పంక్తిని భోజనము ఏర్పరుపవలెను. దానము చేయుచున్నామను తలంపుతో గాదు, ఇరుగుపొరుగు ధర్మముగా.

ఈ మూడింటిని తీర్మానరూపమున అంగీకరింపుడని సభవారిని ప్రార్థించుచు విరమించుచున్నాను.