గురకకు గాలి ఎంత?

ఖరగ్‌పూర్‌లో మన తెలుగువాళ్ళకు గురకంటే ఇంకా నవ్వులాటే. నిద్రలో నాకు శ్వాస ఆగుతోందని పసిగట్టింది మా ఆవిడ. సర్వీసులో కొందరు మెడికల్ కేటగిరీ పోతుందని దాస్తారు. స్టీరింగ్ ముందు కునుకు పడితే?

1981లో ఆస్ట్రేలియా డాక్టరు కాలిన్ సలివన్ లోకానికి చెప్పిన సీపాప్, గాలి ఒత్తిడితో గొంతు మూసుకోకుండా ఆపుతుంది. ఒత్తిడి 4 నుంచి 20 సెంటీమీటర్ల నీటి కొలత దాకా. ఎవరికెంతో మనిషిని చూసి చెప్పలేం. నాకు డాక్టరుగారు ఆటోలో 6–12 మధ్య పెట్టి రెండు వారాలు ఇంట్లోనే వాడమన్నారు. రాత్రిలో 95 శాతం సేపు 9 లోపే సరిపోయిందని కార్డు చెప్పింది. గంటకు శ్వాస ఆగడాలు 31 నుంచి 3కి దిగాయి. 5 లోపుంటే చాలు. మాస్కు పక్కనుంచి గాలి పోతుంటే మాత్రం ఆ అంకెలు నమ్మకండి, ముందు పట్టీ చూడండి. ఒత్తిడి తక్కువైతే గురక తిరిగొస్తుంది, ఎక్కువైతే కడుపుబ్బరం. నాది ఇప్పుడు 9 మీద నిలిపారు. కరెంటు పోయే రాత్రులకని బ్యాటరీ కూడా కొన్నాను.