కలకత్తా పాత ఇండ్ల పునాదులు – గోతిలోకి దిగే కార్మికుని రక్షణ
(కలకత్తాలో భవన నిర్మాణ కార్మికుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

ఈ నగరం పేరు 2001 నుండి కోల్‌కతా అయినప్పటికీ మనవారి నోట కలకత్తాయే గనుక మేమును అట్లే పిలుస్తాము.

కూలి రేట్ల గురించి మాట్లాడుతామని మీలో అనేకులు ఎదురుచూచి ఉంటారు. అందుకు రేపటి సమావేశం ఉన్నది. ఈనాడు మేము నేల క్రింది సంగతి చెప్పదలచినాము. ఈ నగరంలో ఇండ్లు పైకప్పు పాడై కూలడం ఒక ఎత్తు, క్రింది నేల జారి కూలడం మరొక ఎత్తు. ఆ రెండవదానిని సరిచేయడానికి గోతిలోకి దిగుతున్నవారు మనవారే.

2019 ఆగస్టు 31న బౌబజారులో ఏమి జరిగినదో మీరెరుగుదురు. తూర్పు-పడమర మెట్రో సొరంగాన్ని తొలుస్తున్న 'చండీ' అనే యంత్రం భూగర్భ జలపొరను తాకినది. సొరంగంలోకి నీరు చొచ్చుకువచ్చినది. నీరొక్కటే వచ్చి ఉంటే నష్టం ఇంత ఉండేది కాదు. నీటితోపాటు ఇసుక, ఒండ్రు కూడా కొట్టుకువచ్చినవి. పైన దుర్గా పిథురీ లేన్, స్యాక్రా పారా లేన్ ఇండ్ల క్రింద నేల డొల్ల అయినది. గోడలు బీటలువారినవి, కొన్ని ఇండ్లు కూలినవి. వందలాది మంది కట్టుబట్టలతో బయటికి వచ్చి హోటళ్లలో తల దాచుకున్నారు. స్యాక్రా అనగా కంసాలి. ఇరుకు గదులలో కొలిమి పెట్టుకొని నగలు చేసే పనివారికి ఇల్లు పోవడమంటే పనికూడా పోవడమే. బాధిత కుటుంబానికి 5 లక్షల రూపాయల పరిహారం ప్రకటించినారు. గది అద్దెకు తీసుకున్న పనివాడు ఏ కుటుంబం లెక్కలోకి వస్తాడన్నదే అక్కడ ప్రశ్న. 2022 మేలో అదే వీధిలో మరల బీటలు కనిపించినవి. అదే సంవత్సరం అక్టోబరులో మదన్ దత్తా లేన్ వంతు వచ్చినది. 2025 ఆగస్టు 22 నుండి ఆ నేల క్రింద సియాల్దా, ఎస్ప్లనేడ్‌ల మధ్య రైళ్లు నడుస్తున్నవి. రైలు వద్దని మేము అనము. దానిలో ప్రయాణించేవారిలో మనమూ ఉన్నాము.

ఈ నేల స్వభావం తెలియనిదే పని తెలియదు. పైన కొద్ది మీటర్లు మాత్రమే కొంత గట్టి బంకమన్ను. దాని క్రింద కుళ్లిన చెక్కముక్కలు కలిసిన నల్లని మెత్తని మన్ను పది పన్నెండు మీటర్ల వరకూ సాగుతుంది. గట్టి నేల ఆ తరువాతనే. నీరు ఎప్పుడూ పైకే ఉంటుంది. అందుచేతనే పూర్వులు ఇక్కడ నేలమాళిగలు అరుదుగా కట్టినారు. సున్నం, సుర్ఖీలతో ఇటుక గోడలు లేపి, అడుగున మెట్లు మెట్లుగా వెడల్పు చేసి, పైనున్న ఆ గట్టి పొరమీదనే బరువు మోపినారు. అది తెలివైన పని. ఈనాడు ఆ గోడ ప్రక్కనే కార్లు నిలుపుకోవడానికి లోతుగా తవ్వి, పగలూ రాత్రీ పంపు పెట్టి నీరు తోడుతున్నారు. ఆ నీటితో సన్నని ఇసుక పోతుంది. పొరుగింటి గోడ కుంగుతుంది. బౌబజారులో పెద్ద ఎత్తున జరిగినది ఇట్లే సందు సందునా చిన్న ఎత్తున జరుగుతున్నది.

గోడ పగిలిన వెంటనే సిమెంటు పూసే మేస్త్రీ ఇంటివారిని మోసగిస్తున్నాడు. ముందు పగులుకు అడ్డముగా సన్నని గాజుపలకను రెండు కొసలా అతికించి, దానిమీద తేదీ వ్రాయాలి. గాజు విరిగితే కుంగుదల ఇంకా సాగుతున్నదన్నమాట. అప్పుడు కారణం వెదకాలి: మురుగు గొట్టం కారుతున్నదా, ప్రక్కన తవ్వుతున్నారా, పంపు నడుస్తున్నదా? కారణం ఆపకుండా పునాదిని ముట్టుకోరాదు.

ఇక పాత పునాది క్రింద క్రొత్త పునాది వేయడం. గోడ పొడవునా ఒకేసారి తవ్వినవాడు తన గోరీ తానే తవ్వుకుంటున్నాడు. మీటరు, మీటరుంబావు పొడవున గోతులు గుర్తించాలి. ఒకటి తవ్వి, దానికి దూరముగా ఉన్న మరొకటి తవ్వాలి. ప్రక్కప్రక్క గోతులు ఏకకాలంలో తెరువరాదు. ఏ సమయంలోనైనా గోడ పొడవులో నాలుగవ వంతుకు మించి ఖాళీగా వ్రేలాడరాదు. కాంక్రీటు పోసి, పాత ఇటుకకూ దానికీ మధ్య మూడంగుళాల సందు వదలి, అది గట్టిపడిన తరువాత తడి తక్కువైన సిమెంటు ఇసుకను ఆ సందులో దట్టించి కూరాలి. అప్పుడే బరువు క్రొత్త పునాదిమీదకు దిగుతుంది. ఈ దట్టింపు దగ్గరనే మేస్త్రీ నిజాయితీ తెలుస్తుంది, పైకి కనబడదు గనుక. ఒకటిన్నర మీటరు లోతు దాటిన గోతికి ప్రక్కలకు చెక్కలు కొట్టి ఊతలు పెట్టవలసినదే.

జాకీలతో లేపే పద్ధతి గురించి ఒక్క మాట. 2025 జనవరి 14న బాఘాజతిన్‌లో ఒరిగిన నాలుగంతస్తుల భవనాన్ని లేపి సరిచేస్తుండగా అది ప్రక్కకు కూలినది. ముందే ఖాళీ చేయించినందున ప్రాణాలు దక్కినవి. జాకీ నిలిచే నేల కూడా మెత్తనిదే అయితే జాకీ ఏమి చేస్తుంది?

ఇప్పుడు చట్టం. 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టం పదిమందికన్న తక్కువ పనిచేసే చోటును వదలివేసినది. పది లక్షలకు మించని సొంత ఇంటి పనినీ వదలివేసినది. 2020 నాటి క్రొత్త కోడ్ ఆ పది లక్షలను యాభై లక్షలు చేసినది, పదిమంది లెక్క అట్లే ఉంచినది. పునాది మరమ్మతు గోతిలో ఎందరుంటారు? ఐదుగురు, ఆరుగురు. నగరంలోకెల్లా ప్రమాదకరమైన పని చట్టం గడప బయటనే నిలిచిపోయినది. యాజమాన్యాలు దీనిని చిన్న పనివారికి సౌలభ్యమని చెప్పుకుంటున్నవి.

ఉత్తర కలకత్తాలో ఒక సందులో మా సభ్యుడొకడు, శ్రీకాకుళం వాడు, మూడు గోతులు ప్రక్కప్రక్కనే తెరువుమంటే దిగనన్నాడు. గుత్తేదారు వానిని పిరికివాడని తిట్టి పంపివేసినాడు. మూడవనాడు గోడ కూలినది. గోతిలో ఉన్న కుర్రవాడు నడుము వరకూ మన్నులో కూరుకుపోయి, కాలు విరిగి బయటపడినాడు. మేము వెళ్లేసరికి గోతిని పూడ్చివేసినారు. చూపడానికి ఆధారమే లేకపోయినది. అందుకే ఇకమీదట గోతిలోకి దిగేముందు గోడకూ గోతికీ చరవాణిలో ఒక ఛాయాచిత్రం తీసి మాకు పంపండి. తీయవద్దని ఎవరైనా అంటే ఆ మాటకూడా మాకు తెలపండి.

కుర్రవాని ఆసుపత్రి ఖర్చులో సగం గుత్తేదారు చేత కట్టించినాము. మిగిలిన సగానికీ, దిగనని చెప్పినవానికి రావలసిన నాలుగు రోజుల కూలికీ వినతిపత్రం సిద్ధమైనది. సభ ముగిసిన తరువాత బల్లవద్ద ఉంటుంది, సంతకాలు చేసి వెళ్లండి.