అమరావతి నుండి పుట్టపాక దాక
(మన సంఘ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



సెలవు ప్రయాణపు రాయితీ చేతికి వచ్చినప్పుడు మన ఉద్యోగులు కాశ్మీరమునకో కన్యాకుమారికో పోవుట పరిపాటి. అది తప్పని నేననను. ఐనను మేము ఈసారి కృష్ణాతీరమునకు పోయితిమి. ఆ మూడు దినముల ముచ్చట చెప్పుమని కార్యదర్శిగారి ఆజ్ఞ.

సూరత్‌లో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కినవారు బెజవాడలో దిగవచ్చును. అచ్చటికి అమరావతి దగ్గరే. మహాస్తూపమున్న చోట నేడు మిగిలినది గుండ్రని దిబ్బయు, కొన్ని రాతిపలకలును. మేలైన శిల్పములు పెక్కు చెన్నపట్టణపు మ్యూజియమునకును, లండనులోని బ్రిటిషు మ్యూజియమునకును చేరినవి. మా పిల్లలు “ఇంతేనా?” అనిరి. వారికి విధికుని కథ చెప్పితిని. విధికుడు చర్మకారుడు. తల్లి, భార్య, సోదరులు, బిడ్డలు, బంధువులు, అందరితో కలిసి ఆ స్తూపమునకు పూర్ణఘటము చెక్కిన పలకను సమర్పించి, ఆ మాట దానిపై చెక్కించెను. గంధద్రవ్యములు అమ్మువారును అట్లే తమ పేర్లు చెక్కించుకొనిరి. రాజుల పేర్లు ఎక్కడనైనను దొరకును. తోలుపని చేయువాని పేరు సుమారు రెండువేల యేండ్లు నిలిచియుండుట అరుదు.

మరునాడు నాగార్జునసాగరమున లాంచీ ఎక్కితిమి. జలాశయమున నీరు చాలినంత ఉన్న కాలముననే అవి నడచును గనుక ముందుగా విచారించుకొని పోవుట మేలు. నాగార్జునకొండకు సుమారు గంట ప్రయాణము. ఆ నీటి అడుగున ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురి యున్నది. 1955లో ఆనకట్టకు శంకుస్థాపన జరిగినది. 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యంగారి ఆధ్వర్యమున లోయ అంతయు త్రవ్విరి. కొన్ని కట్టడములను కొండపైనను, మరికొన్నిటిని అనుపులోను తిరిగి నిలిపిరి. మన తాపీనదిపై ఉకాయి ఆనకట్ట క్రింద మునిగిన ఊళ్ళకు అట్టి భాగ్యము లేకపోయెను.

అచ్చట బోధిశ్రీయను ఉపాసిక వేయించిన శాసనమొకటి కలదు. సింహళ భిక్షువులు ధర్మమును వ్యాపింపజేసిన దేశముల పట్టికలో కాశ్మీరము, గాంధారము, చీనాలతోపాటు అపరాంతమును చేర్చినది. అపరాంతమనగా ఈ పడమటి తీరమే. మన సూరత్‌కు దక్షిణపు పొరుగు నేల. మనవారి రాకపోకలు నేటివి కావు.

మూడవ దినమున పుట్టపాకకు పోయితిమి. తేలియా రుమాలు పుట్టినది చీరాలలో. నేడు దానిని నిలిపియుంచినవారిలో ఈ ఊరివారే ముఖ్యులు. నూలును నూనెతోను ఆముదపు కాయల బూడిదతోను పలుదినములు పదనుచేసి, ముడులు కట్టి, రంగులలో ముంచుదురు. పడుగు నిలువున కట్టిన ముడి, పేక అడ్డముగా కట్టిన ముడి నేతలో ఒకదానిపై నొకటి సరిగా కూర్చొనవలెను. వెంట్రుకవాసి తొలగినను పువ్వు చెదరును. గుజరాతులో పాటన్‌పురపు పటోలా నేసెడి సాల్వీలు ఈ విద్యకు అన్నదమ్ములవంటివారు.

ముడి కట్టుటకు ముందు ఆసు పోయవలెను. ఒక చీరకు ఆ ఇంటి ఆడువారు చేతిని మేకుల చుట్టు సుమారు 9,000 సార్లు త్రిప్పెడివారు. తల్లి లక్ష్మిగారి భుజపు నొప్పి చూడలేక శార్జీపేటకు చెందిన చింతకింది మల్లేశంగారు 1999లో ఆసు యంత్రమును నిర్మించి దానికామె పేరే పెట్టిరి. 2017లో వారికి పద్మశ్రీ వచ్చినది. ఇంతకంటె మంచి బిరుదు ఆ తల్లి భుజమునకు కలిగిన విశ్రాంతి యని నా భావన.

మేము చూచిన మగ్గముపై పనిచేయుచున్నది ఒక వృద్ధుడు. ప్రక్క మగ్గము ఖాళీ. ఏ ఊరివారమని యడిగి, చెప్పగానే ఆయన కండె ఆపెను. “సూరతా? మా చిన్నోడు ఆడనే ఉన్నడు సారూ, లింబాయతుల.” మరమగ్గముల కార్ఖానాలో పనియట. ముడి కట్టుట తెలిసిన చేతులట. ఇచ్చట ఆ చేతులకు తెగిన పోగు అతుకుటే పని.

అతడు వచ్చినందుకు తండ్రి నొచ్చుకొనుట లేదు. నెలనెల డబ్బు వచ్చుచున్నదని సంతోషించెను. మనమును ఉద్యోగమునకై వచ్చినవారమే. తప్పెంచుటకు మన మెవరము? నన్ను బాధించినది వేరొకటి. మన సంఘమున ఎన్నో యేండ్లుగా సభలు జరుగుచున్నవి. లింబాయతు, ఉధ్నా వాడలలో ఇన్ని వేల తెలుగు కుటుంబములు ఉండగా మన సభకు వారిలో ఎందరు వచ్చిరి? ఈ హాలులోనే చూడుడు.

కావున రాబోవు ఉగాదికి వారిని పిలువవలెనని నా ప్రతిపాదన. వేదికమీద మాట్లాడించుటకు కాదు, అట్టి గౌరవముతో వారికి పని లేదు. ఆసు, పడుగు, పేక ఎట్టివో మన పిల్లలకు చూపుటకు ఒక చిన్న మగ్గము తెప్పింతము. అచ్చుకాగితము పంపిన చాలదు. మనలో నలుగురు స్వయముగా పోవలెను. పగటి పాళీ ముగిసిన తరువాత పోయినచో వారు ఇండ్లయందు దొరుకుదురు. వచ్చు శనివారము సాయంకాలము నేను బయలుదేరుదును. పుట్టపాక పెద్దాయన వ్రాయించి యిచ్చిన చిరునామా నాయొద్ద నున్నది. మొదట ఆ ఇంటికే పోవుదము.