నాలుగు అంకెలు, ఐదువందల కొవ్వులు



నేను డాక్టర్ని కాను. ఇంజనీరింగు చదివి సాఫ్ట్‌వేరులో స్థిరపడినవాణ్ణి. కాబట్టి మందుల జోలికి పోకుండా లెక్కల సంగతి చెబుతాను.

నలభై దాటిన మనలో చాలామందికి లిపిడ్ ప్యానెల్ రిపోర్టు పరిచయమే. అందులో ముఖ్యంగా నాలుగు అంకెలు: మొత్తం కొలెస్టరాల్, హెచ్‌డిఎల్, ఎల్‌డిఎల్, ట్రైగ్లిసరైడ్లు. వీటిలో ఎల్‌డిఎల్‌ని చాలాసార్లు నేరుగా కొలవరు, లెక్క కడతారు. 1972లో ఫ్రీడ్వాల్డ్ ప్రకటించిన సూత్రం ప్రకారం మొత్తంలోంచి హెచ్‌డిఎల్‌నీ, ట్రైగ్లిసరైడ్లలో ఐదోవంతునీ తీసేస్తే మిగిలేదే ఎల్‌డిఎల్. ట్రైగ్లిసరైడ్లు 400 దాటితే ఆ సూత్రం పనికిరాదు.

అసలు రక్తంలో ఎన్ని రకాల కొవ్వులున్నాయి? ఆవకాయ, మాగాయ, గోంగూర అన్నిటినీ కలిపి బిల్లులో "పచ్చళ్ళు" అని ఒకే పద్దు రాసినట్టు, ట్రైగ్లిసరైడ్లన్నది కూడా ఒక మొత్తం పద్దే. ఒక్కో అణువులో మూడు కొవ్వు ఆమ్లాలుంటాయి. ఇరవై రకాల ఆమ్లాలను మూడు స్థానాల్లో అమర్చే విధాలు 8,000! ఇది కాగితం మీది లెక్క. ఒంట్లో అన్నీ ఉండవు.

ఉన్నవాటిని కొలవడానికి అమెరికాలో 2003లో లిపిడ్ మ్యాప్స్ అనే బృందం ఏర్పడింది. శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ఎడ్వర్డ్ డెన్నిస్ దానికి నాయకుడు. 40-50 ఏళ్ళ మధ్య వయసున్న వందమంది స్త్రీపురుషుల ప్లాస్మాను కలిపిన నమూనాను వీళ్ళు పరీక్షించారు. ద్రావకాలతో కొవ్వుల్ని వేరుచేసి, మాస్ స్పెక్ట్రోమీటరుతో అణువుల బరువు తూచారు. ముందే తెలిసిన మోతాదులో కలిపిన అణువులే తూకపురాళ్ళు. 2010లో ప్రకటించిన లెక్క: ఆరు తరగతుల్లో 500కు పైగా రకాలు.

అయితే ఆ దాతలను అమెరికా జనాభా పోలికలో ఎంచారు. అంటే మనవాళ్ళ పాలు సహజంగానే తక్కువ. మన గుండె లెక్క మాత్రం వేరు. 2018లో అమెరికా హృద్రోగ నిపుణుల మార్గదర్శకాలు దక్షిణాసియా సంతతిని ముప్పు పెంచే అంశాల్లో చేర్చాయి. మనకోసమే శాన్‌ఫ్రాన్సిస్కో, చికాగో ప్రాంతాల్లో మసాలా అనే అధ్యయనం 2010లో మొదలైంది.

కనుక నాలుగు అంకెలూ బాగున్నాయని భరోసాగా కూర్చోకండి. లైపోప్రోటీన్-ఎ అనే కొవ్వు కణం చాలావరకు వంశపారంపర్యం. అది ఆ నాలుగింటిలో విడిగా కనబడదు, దాని పరీక్ష వేరు. ఈసారి డాక్టరు దగ్గరకెళ్ళినప్పుడు ఆ ఒక్కమాట అడగండి. తండ్రికో అన్నదమ్ములకో చిన్నవయసులో గుండెజబ్బు వచ్చివుంటే దాచకుండా చెప్పండి. ఏ యంత్రమూ కొలవలేని సమాచారం అది.